కాలమ్మ, ఇరవై ప్రయోగాలు

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. మందుల కంపెనీ పరీక్షల ల్యాబులో అందరూ ఆమెను కాలమ్మ అనేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు అదే ఆమె పేరనుకుని, మొదటి వారంలోనే ఎదురుగా అలా పిలిచేసి నాలుక కరుచుకునేవాళ్ళు.

ఆ ల్యాబులో జానెడు పొడుగున్న స్టీలు గొట్టాలు కొన్ని ఉంటాయి. వాటిని కాలమ్ అంటారు. లోపల మెత్తటి తెల్లపొడి కూరి ఉంటుంది. మందును ద్రవంలో కరిగించి, గట్టి ఒత్తిడితో ఆ గొట్టంలోంచి తోస్తే, కలిసి లోపలికి వెళ్ళిన పదార్థాలు దేని తీరిక దానిదన్నట్టు విడివిడిగా బయటికొస్తాయి. ఒక్కొక్కటి బయటపడినప్పుడల్లా కంప్యూటరు తెర మీద గీత కొండలా లేచి దిగుతుంది. కొండ ఎంత పెద్దదైతే ఆ పదార్థం అంత ఎక్కువ ఉన్నట్టు. ఆ గొట్టాలను కడగడం, ఎండిపోకుండా చూడడం, ఏది ఎన్నాళ్ళు పనిచేసిందో రాసిపెట్టడం ఆమె ఎవరూ చెప్పకుండానే నెత్తిన వేసుకున్న పని. ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తోంది. ఎవరైనా గొట్టం కడగకుండా ఇంటికి పోతే మర్నాడు వాళ్ళతో మాట్లాడేది కాదు. తిట్టేది కూడా కాదు. తిడితేనే నయమనుకునేవాళ్ళు.

పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ బయటపడలేదు. ఒకసారి మెట్ల దగ్గర ఇద్దరు జూనియర్లు, ఇవాళ కాలమ్మ మొహం చూస్తే మన కాలం బాగాలేనట్టుందని నవ్వుకోవడం ఆమె చెవిన పడింది. ఇంటికెళ్ళి అక్కకు చెప్పి తనూ కడుపుబ్బ నవ్వింది.

అక్క ఉన్న రోజులవి.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. రెండో అంతస్తులో రెండు గదులు, వంటిల్లు, వీధివైపు ఒక కుర్చీ మాత్రం పట్టే బాల్కనీ. అక్క ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. దానికి పెద్ద కథేమీ లేదు. అక్కకు అయ్యాక నాకని చెల్లెలు, చెల్లెలు స్థిరపడ్డాక నాకని అక్క ఒకరి మీద ఒకరు నెపం పెట్టుకుంటూ ఉండగానే ఏళ్ళు దొర్లిపోయాయి. ఇక ఆ మాటే ఎత్తని వయసు వచ్చాక, యాభై ఆరో ఏట, అక్క పెళ్ళి చేసుకుంది. పెళ్ళికొడుకు రిటైరైన బస్సు డ్రైవరు, భార్య పోయినవాడు. పదిహేడేళ్ళు ఆయన నడిపిన బస్సులోనే అక్క బడికి వెళ్ళింది. అన్నేళ్ళూ ఇద్దరూ మాట్లాడుకున్నది ఏమైనా ఉంటే, కాస్త ముందుకు జరగండమ్మా అని ఆయన అందరితోపాటు ఆమెకూ చెప్పిందే. ఆయన సొంత ఊరికి మకాం మారుస్తూ, నాతో వస్తారా అని అడిగాడట. అక్క వెళ్ళింది.

పెళ్ళిలో అందరికంటే ఎక్కువ నవ్వింది చెల్లెలే. ఇన్నేళ్ళకు ఒక బావ దొరికాడని, అదీ సొంత బస్సు లేని డ్రైవరని ఆటపట్టించింది. వాళ్ళను సాగనంపి ఇంటికొచ్చి తాళం తీసింది. ఆ రోజు బాగానే ఉంది. కష్టం తర్వాత మొదలైంది. పొద్దున ఏ వస్తువు ఎక్కడ పెట్టి వెళితే సాయంత్రం అది అక్కడే ఉండేది. గ్లాసు గ్లాసు దగ్గర, దువ్వెన దువ్వెన దగ్గర. స్నానాల గదిలో బకెట్టు అంగుళం జరగదు. నా దువ్వెన ఎక్కడ తగలేశావే అని ఇరవై రెండేళ్ళు అరిచిన మనిషికి దువ్వెన వెతుక్కోవలసిన పని లేకుండా పోయింది.

ఆదివారం ఆదివారం అక్క ఫోన్ చేసేది. ఎలా ఉన్నావే అంటే, బానే ఉన్నాను అనేది. బావ ఎలా ఉన్నాడు, మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది అని అడిగేది. పది నిమిషాల్లో మాటలైపోయేవి.

ఆ ఏడే మేనేజరు ఆమెను పిలిచి ఒక పని అప్పజెప్పాడు. పిల్లల దగ్గు సిరప్పు. అందులో రెండు మందులు, పాడవకుండా కలిపే పదార్థం ఒకటి. ఇవి కాక, సీసా ఎక్కువకాలం వేడిలో ఉంటే ఒక మందు విరిగి అందులోంచి పుట్టే మలినం ఒకటి. ఈ నాలుగూ ఎంతెంత ఉన్నాయో ప్రతి బ్యాచికీ చూసి తీరాలి. పాత పద్ధతిలో ఒక్కో నమూనాకు ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టేది. ఇకమీదట సిరప్పు రెండు ఊళ్ళలో తయారవుతుంది కాబట్టి నమూనాలు రెట్టింపవుతాయి. పదిహేను నిమిషాల్లోపు తేలే పద్ధతి కావాలన్నాడు మేనేజరు. నాణ్యత తగ్గకూడదని మీకు నేను చెప్పాలా అని కూడా అన్నాడు.

అంటే మూడు సంగతులు కుదరాలి. సమయం తగ్గాలి. పాడవకుండా కలిపే పదార్థమూ, మలినమూ రెండూ భుజాలు రాసుకుంటూ వస్తాయి. ఆ రెండు కొండల మధ్య గీత నేలకు దిగాలి. రెండో మందు కొండ తోక సాగదీస్తుంది. ఆ తోక తగ్గాలి. మార్చడానికి ఆమె చేతిలో ఉన్నవి కూడా మూడే. ద్రవంలో ఆమ్లం ఎంత, అందులో కలిపే మిథనాల్ ఎంత, గొట్టం వేడి ఎంత.

ఆమె తనకు తెలిసిన దారిలోనే వెళ్ళింది. ఒకసారికి ఒకటే మార్చాలి, మిగతావి కదపకూడదు. అలా చేస్తేనే ఏది దేనివల్ల జరిగిందో తెలుస్తుందని చదువుకున్న రోజుల్లో నేర్చుకుంది, పాతికమందికి నేర్పింది. మిథనాల్ పెంచితే సమయం తగ్గింది, కాని జంట కొండలు ఒకటైపోయాయి. వాటిని విడదీయడానికి ఆమ్లం మారిస్తే విడిపోయాయి, తోక మాత్రం ఇంత పొడుగున సాగింది. తోక తగ్గించడానికి వేడి పెంచితే తోక తగ్గింది, జంట మళ్ళీ అతుక్కుంది. ఒకటి దారికొచ్చిందనుకునేలోపు ఇంకొకటి మొరాయించేది. ఆరు వారాలు గడిచాయి. ప్రయోగాల పుస్తకంలో తొంభై పేజీలు నిండాయి. చేతకావడం లేదని ఎవరితోనూ అనలేదు. అనడానికి ఇంట్లో కూడా ఎవరూ లేరు.

యంత్రాల గదిలోకి సెల్‌ఫోన్లు తీసుకురాకూడదు. గోడకు తగిలించిన బూడిదరంగు ఫోను ఒకటే ఉంది. ఒకరోజు సాయంత్రం నాలుగు గంటలకు అది మోగింది. రెండో ఊళ్ళోని ల్యాబులో రేపు ఈ పద్ధతిని వాడవలసిన ఆయన. ముందుగా గొంతు సవరించుకుని, తనెవరో చెప్పి, మేనేజరు పంపిన ఆమె పుస్తకం నకలు చూశానన్నాడు.

“మీ తొంభై పేజీలూ చదివానండి. చాలా శుభ్రంగా ఉన్నాయి. కాని ఇలా వెళితే ఇంకో తొంభై రాసినా దొరకదండి.”

ఆమెకు చెవులు వేడెక్కాయి. “ఎందుకు దొరకదు?”

“మీరు ఒకటి మారుస్తూ మిగతావి పట్టుకు కూర్చుంటున్నారు. అవి మూడూ ఒకదాని మాట ఒకటి వినేవి. గొట్టం చల్లగా ఉన్నప్పుడు ఆమ్లం పెంచితే ఆ జంట విడిపోతోంది. వేడిగా ఉన్నప్పుడు అదే ఆమ్లం పెంచితే కలిసిపోతోంది. మీ ముప్పై ఒకటో పేజీ, డెబ్భై రెండో పేజీ పక్కపక్కన పెట్టి చూడండి.”

“మూడూ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల అయిందో ఎలా తెలుస్తుందండి?”

“ఒక్క ప్రయోగంతో తెలియదు. ఇరవై చేస్తే తెలుస్తుంది. ఏ ఇరవయ్యో ముందే లెక్క వేసుకుని చేస్తే.”

ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేసింది. పుస్తకం తెరిచి ముప్పై ఒకటో పేజీ చూసింది, డెబ్భై రెండో పేజీ చూసింది. ఆయన చెప్పింది నిజమే. తన చేతిరాతలోనే వారాల తరబడి ఉన్న సంగతిని, ఎక్కడో కూర్చున్న మనిషి చదివి చెప్పాడని సిగ్గనిపించింది. సిగ్గుతోపాటు ఇంకొకటి కూడా అనిపించింది. తను రాసింది ఒకరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. ఇన్నేళ్ళలో ఆమె పుస్తకాలకు కింద సంతకాలు పెట్టినవాళ్ళు ఉన్నారు గాని, చదివినవాళ్ళు లేరు.

మర్నాడు నాలుగింటికి ఆమే ఫోన్ చేసింది.

లెక్క ఆయన వేశాడు. ఆమ్లం, మిథనాల్, వేడి ఈ మూడింటికీ తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడేసి మెట్లు. వాటిని ఏ కలయికల్లో పెట్టాలో ఇరవై వరుసల పట్టీ. వరుసలో ఒకటి నుంచి ఇరవై దాకా చేసుకుపోతానంది ఆమె. వద్దు, చీట్లు తీసినట్టు తారుమారు చేసి చేయండన్నాడు ఆయన. యంత్రం రోజురోజుకీ కాస్త అలసిపోతుంటే, ఆ తప్పు ఏ ఒక్కదాని నెత్తినా పడకూడదట. చల్లటి గొట్టాన్ని వేడిచేసి, మళ్ళీ చల్లార్చి, మళ్ళీ వేడిచేయడం ఎంత చాకిరో మీకేం తెలుసని ఆమె విసుక్కుంది. నాకు తెలుసండి, అందుకే మిమ్మల్ని చేయమంటున్నానని ఆయన నెమ్మదిగా అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు వినిపించకుండా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రోజుకు రెండు ప్రయోగాలు. గొట్టాన్ని కొత్త ద్రవానికి అలవాటు చేయడానికే గంటన్నర పట్టేది. నాలుగు గంటలకు ఫోను. ఆమె అంకెలు చదివేది, ఆయన వాటిని తిరిగి చదివేవాడు. మొదటి మూడు రోజులూ అంతే. నాలుగో రోజు అంకెలైపోయాక ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టేయలేదు. మీ దగ్గర వాన పడిందా అని ఆయన అడిగాడు. పడిందంది. ఎంత అన్నాడు. ఎంతంటే ఏం చెబుతాం, పడింది అంది. ఆయన తన ఇంటి మేడమీద ఒక డబ్బా పెట్టుకుని, వాన ఎంత కురిసిందో తొమ్మిదేళ్ళుగా కొలిచి రాసుకుంటున్నాడట. తొమ్మిదేళ్ళే ఎందుకని ఆమె అడగలేదు. తర్వాత ఎప్పుడో ఆయనే చెప్పాడు, భార్య పోయి తొమ్మిదేళ్ళయిందని. కూతురు వేరే ఊళ్ళో ఉంది. చలికాలం వచ్చేసరికి ఆయన రిటైరవుతాడు.

తర్వాతి వాన రోజుకు ఆమె బాల్కనీలో ఒక పాత బీకరు పెట్టింది. సాయంత్రం అంకెలతోపాటు, పన్నెండు మిల్లీమీటర్లండి అని చేర్చింది. ఆయన దాన్ని కూడా అంతే శ్రద్ధగా తిరిగి చదివాడు.

పదకొండో ప్రయోగం రోజున మేనేజరు గదిలోకొచ్చి తెర చూసి సంబరపడ్డాడు. తొమ్మిది నిమిషాలకే అంతా తేలిపోయింది. రెండో మందు కొండ సూదిలా నిలబడింది. కాకపోతే జంట కొండలు పూర్తిగా కలిసిపోయి ఒక్కటిగా ఉన్నాయి. మూడింట్లో రెండు బ్రహ్మాండంగా ఉన్నాయి గదా, మొత్తమ్మీద ఇదే మేలు, ఆ మలినం ఎప్పుడో గాని కనిపించదు అన్నాడు. అంతకు ముందురోజే ఫోనులో అవతలి ల్యాబాయన ఆమెకు మార్కులు వేసే పద్ధతి చెప్పి ఉన్నాడు. ఒక్కో సంగతికి సున్నా నుంచి ఒకటి దాకా మార్కు. సమయం పన్నెండు నిమిషాలకు దిగితే ఒకటి, పాతిక దాటితే సున్నా. జంట మధ్య దూరం చాలినంత ఉంటే ఒకటి, కలిసిపోతే సున్నా. తోకకూ అలాగే. తర్వాత ఆ మూడు మార్కులనూ కూడకూడదు, గుణించి ఘనమూలం తీయాలి.

ఆమె ఆ మాటే మేనేజరుకు చెప్పింది.

“కూడి సగటు తీస్తే ఇది పాసేనండి. గుణిస్తే సున్నా. పిల్లల మందులో మలినం కనపడకుండా పోతే, మిగతా రెండూ ఎంత బాగున్నా దేనికండి?”

ఆమె ఇంత పొడుగు వాక్యం మాట్లాడడం మేనేజరు చాలాకాలానికి విన్నాడు. సరే, కానివ్వండని వెళ్ళిపోయాడు.

పధ్నాలుగో ప్రయోగం అంకెలు ఫోనులో విన్నాక ఆయన అనుమానంగా ఉందన్నాడు, మళ్ళీ చేయమన్నాడు. చేసింది. అదే అంకె వచ్చింది. దానివల్ల ఒక రోజు పెరిగింది. ఈలోగా రిసెప్షనులోని అమ్మాయి ఫోను కలుపుతూ నోరుజారి, కాలమ్మకే కదండీ అనడంతో ఆయనకు ఆ పేరు తెలిసిపోయింది. ఆ రోజు ఫోనులో, “కాలమ్మ గారూ, అంకెలు చెప్పండి” అన్నాడు. ఆ పేరుకు గారు తగిలించి పిలిచినవాళ్ళు అంతకు ముందు లేరు. ఆమె మొదటి అంకెను రెండుసార్లు చదివింది.

ఇరవై అంకెలూ చేరాక లెక్క తేలడానికి ఇంకో వారం పట్టింది. ఆయన తన కంప్యూటరులో వేసి, మూడు మార్కులూ కలిపి గీస్తే తెర మీద ఇప్పుడు ఒకే కొండ ఉందనీ, దాని నెత్తి ఎక్కడుందో చెబుతాను రాసుకోమనీ అన్నాడు. ఆమ్లం, పీహెచ్ లెక్కలో, మూడు పాయింట్ ఒకటి. మిథనాల్ నూటికి ముప్పై రెండు. వేడి ముప్పై ఎనిమిది డిగ్రీలు. సమయం పధ్నాలుగు నిమిషాలు, జంట మధ్య దూరం రెండు, తోక ఒకటి పాయింట్ రెండు రావాలి. మొత్తం మార్కు సున్నా పాయింట్ ఏడు ఎనిమిది. ఏ ఒక్కటీ పూర్తిగా గెలవదని, ఏదీ ఓడిపోదని అన్నాడు.

ఆ స్థానంలో ఆమె ఇంతవరకు ఒక్క ప్రయోగం కూడా చేయలేదు. తొంభై పేజీల్లోనూ లేదు, ఇరవై వరుసల్లోనూ లేదు. మర్నాడు మధ్యాహ్నం, అందరూ భోజనాలకు పోయిన వేళ, నమూనా ఎక్కించి తెర ముందు కూర్చుంది. మొదటి మందు లేచింది. పాడవకుండా కలిపేది లేచి, దిగి, నేలను తాకింది. దాని వెనకే మలినం చిన్న గుట్టలా విడిగా లేచింది. చివరికి రెండో మందు, తోక లేకుండా. పధ్నాలుగు పాయింట్ రెండు నిమిషాలు. ఆమె లేచి నిలబడింది. గదిలో పంపు చప్పుడు తప్ప ఏమీ లేదు. చూడండి అని పిలవడానికి ఎవరూ లేక, మళ్ళీ కూర్చుని, నాలుగయ్యేదాకా ఉండలేక ఫోను తీసింది.

అంకెలన్నీ ఆయన తిరిగి చదివాడు.

“ఇంకేముందండి. అయిపోయినట్టే,” అన్నాడు.

అవునంది. ఇంకో రెండుసార్లు చేసి సరిచూసుకోవాలని పట్టీలో ఉంది. చేసింది, అవే అంకెలు వచ్చాయి. అయిపోయిందన్న మాట ఆమెకు ఆ రాత్రి అన్నం తింటుంటే అర్థమైంది. రేపు నాలుగింటికి చదవడానికి అంకెలు లేవు.

మర్నాడు పొద్దున కొత్త పేజీ తెరిచింది. ఆ స్థానానికి చుట్టుపక్కల ఇంకో ఆరు ప్రయోగాలు చేయవచ్చుననుకుంది. చేస్తే తప్పేమీ లేదు, మూడు రోజుల పని. తేదీ వేసింది. గొట్టం నంబరు రాసింది. ప్రతి పేజీ నెత్తిన ‘ఉద్దేశం’ అని ఒక గడి ఉంటుంది, ఆ ప్రయోగం ఎందుకు చేస్తున్నారో రాయడానికి. ఆ గడి దగ్గర కలం ఆగింది. పద్ధతి గట్టిదనం మరింత పరీక్షించుటకు, అని రాయవచ్చు. ఎవరూ అడగరు. కాని గట్టిదనం ఇరవై వరుసల్లోనే తేలిపోయిందని ఆమెకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ గడిలో ఆమె ఒక్క అబద్ధం రాయలేదు. నిజం రాద్దామంటే, ఏమని రాస్తుంది?

పావుగంట అలాగే కూర్చుంది. తర్వాత పేజీ మీద అడ్డంగా ఒక గీత గీసి, ప్రయోగం చేయలేదు అని రాసి, సంతకం పెట్టి, రిపోర్టు రాయడం మొదలుపెట్టింది. సాయంత్రం నాలుగయింది. గొట్టం కడుగుతూ గోడ వైపు చూడకుండా ఉండడానికి కష్టపడింది. ఫోను మోగలేదు.

రెండు నెలల తర్వాత పద్ధతిని అవతలి ల్యాబుకు అప్పగించే పని పడింది. ఎవరో ఒకరు వెళ్ళి అక్కడి యంత్రం మీద చేసి చూపించాలి. ఎప్పుడూ జూనియర్లే వెళ్ళేవాళ్ళు. ఈసారి తను వెళతానని ఆమె అన్నప్పుడు మేనేజరు ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఆరు గంటల రైలు ప్రయాణం. దారిపొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూ వెళ్ళింది.

ఆయన పొడగరి అనుకుంది. ఆమె భుజం దాకానే ఉన్నాడు. దళసరి కళ్ళద్దాలు, చొక్కా జేబులో మూడు కలాలు. ప్రయాణం బాగా జరిగిందా అండి అన్నాడు. జరిగిందండి అంది. అంతటితో ఇద్దరికీ మాటలు అడుగంటాయి. రోజంతా ఒకే బల్ల దగ్గర నిలబడి పనిచేశారు. ఆ బీకరు ఇవ్వండి, ఈ మూత తీయండి, అంతే. భోజనం దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ కంచాల వైపు చూస్తూ తిన్నారు. ఆ సాయంత్రం బస గదిలో మంచం మీద కూర్చుని, ఎందుకొచ్చానా అనుకుంది. ఫోనులో ఉన్న మనిషి ఎటో పోయాడు. ఆయనకూ అలాగే అనిపించి ఉంటుందని తోచి ఇంకా కుంగిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం నమూనా యంత్రంలోకి ఎక్కించాక ఆయన తూకాల గదిలోకి వెళ్ళాడు. కొండలన్నీ దిగి అంకెలు వచ్చాయి. అప్పుడు గోడ మీద ఫోను మోగింది. ఎత్తింది.

“అంకెలు చెప్పండి కాలమ్మ గారూ,” అన్నాడు.

అద్దాల తలుపు అవతల ఆయన వీపు కనిపిస్తోంది, తక్కెడ ముందు, ఫోను చెవికి పెట్టుకుని. ఆమె కూడా గోడవైపు తిరిగింది. పధ్నాలుగు పాయింట్ నాలుగు, ఒకటి పాయింట్ తొమ్మిది ఎనిమిది, ఒకటి పాయింట్ రెండు మూడు. ఆయన తిరిగి చదివాడు. మొన్న ఇక్కడ ఏడు మిల్లీమీటర్లు పడిందన్నాడు. మా దగ్గర చినుకు లేదంది. రైల్లో ఎదురు సీటావిడ తన భుజం మీద నిద్రపోయిందని చెప్పింది. పన్నెండడుగుల దూరంలో ఉన్న ఇద్దరు మనుషులు అలా గోడలకు మొహాలు పెట్టుకుని అరగంట మాట్లాడుకున్నారు.

“మీకొక సంగతి చెప్పాలండి,” అన్నాడు ఆయన చివర్లో. “పధ్నాలుగో ప్రయోగం మళ్ళీ చేయమన్నాను గదా. అవసరం లేదు. మొదటి అంకే సరైంది. నాకు అప్పుడే తెలుసు.”

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. “నేను పుస్తకంలో అనుమానాస్పదం అని రాశాను.”

“తప్పేనండి.”

“మీరు చెప్పారనే రాశాను.”

“అవునండి. ఒక రోజు పెరుగుతుందని చెప్పాను.”

ఆమె తను గీత కొట్టిన పేజీ గురించి చెప్పింది. ఉద్దేశం గడి దగ్గర కలం ఆగిన సంగతీ చెప్పింది. అద్దం అవతల వీపు కాస్త వంగింది. నవ్వుతున్నాడో ఏం చేస్తున్నాడో ఆమెకు తెలియలేదు. తర్వాత, అదంతా సరేగాని పుస్తకం దిద్దాలని అంది. ఊరికి తిరిగి వెళ్ళగానే పధ్నాలుగో ప్రయోగం కింద, మళ్ళీ చేయవలసిన అవసరం లేకపోయినది, రెండు అంకెలూ సరైనవే, అని రాసి తేదీ వేసి, నకలు ఆయన సంతకానికి పంపింది. ఆయన సంతకం పెట్టి పంపాడు. పక్కన కారణం రాయలేదు. ఆమె కూడా అడగలేదు.

చలికాలంలో ఆయన రిటైరై కూతురి ఊరికి వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి బాగానే మాట్లాడుకున్నారు, అక్కడ మేడమీదికి పోనివ్వరని, డబ్బా పెట్టడం మానేశానని చెప్పాడు. రెండోసారి వెనక పిల్లల గోల, టీవీ గోల. ఏమన్నారు, ఏమన్నారు అని ఇద్దరూ నాలుగుసార్లు అనుకుని, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. ఆమె కొన్నాళ్ళు ఎదురుచూసింది. ఒకసారి తనే నంబరు కలిపి, రెండు మోతలయ్యాక పెట్టేసింది. అవతల ఎవరు ఎత్తుతారో, తనెవరని చెప్పాలో తెలియలేదు.

ఆ తర్వాతి ఆదివారం అక్క ఎప్పటిలాగే ఫోన్ చేసి, ఎలా ఉన్నావే అంది.

బానే ఉన్నాను అనబోయి ఆగింది.

“ఇంట్లో ఉండలేకపోతున్నానే అక్కా. నువ్వెళ్ళినప్పటినుంచీ అంతే.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పవేమే?”

“నువ్వు సంతోషంగా ఉన్నావు గదా. పాడుచేయడమెందుకని.”

“నేను సంతోషంగా ఉంటే నువ్వు నాకు అబద్ధాలు చెప్పాలా? మీ ల్యాబులో నేర్పారా ఇది?” అంది అక్క. తిట్టడానికే మొదలుపెట్టింది గాని, బుధవారం వస్తున్నానని ముగించింది.

బుధవారం పొద్దున అక్క బస్సు దిగింది. నాలుగు రోజులుంది. ఎక్కువ మాట్లాడుకున్నదీ లేదు. మంచాలు దగ్గరికి జరుపుకుని పడుకున్నారు. ఫోనాయన సంగతి చెల్లెలు చెప్పింది. అక్క అంతా విని, ఎత్తు ఎంతుంటాడే అని మాత్రం అడిగింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వాక చెల్లెలు కాస్త ఏడ్చింది. ఇక్కడే ఉండిపోనా అని అక్క అడగలేదు, ఉండమని చెల్లెలూ అనలేదు. ఆదివారం బస్సు ఎక్కించి వచ్చింది.

అప్పటినుంచి వారం మధ్యలో కూడా ఒకసారి మాట్లాడుకుంటున్నారు. కొన్నిసార్లు బావ ఫోను లాక్కుని ఏ దారిలో ఎన్ని గుంతలున్నాయో చెబుతాడు.

ల్యాబులో మొన్న ఇంకో సిరప్పు వచ్చింది. ఈసారి ఐదు పదార్థాలు, కుదరవలసిన సంగతులు నాలుగు. లెక్క ఆమే వేసుకుంది, వరుసలు ఆమే తారుమారు చేసుకుంది. కొత్తగా చేరిన జూనియరమ్మాయి పక్కన నిలబడి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల అయిందో ఎలా తెలుస్తుంది మేడం అని అడిగింది. ఒక్కదానితో తెలియదమ్మా అని మొదలుపెట్టి, కాగితం తీసి గీస్తూ చెప్పింది. ఆ అమ్మాయి బస్సు వేళ దాటిపోయిందని ఇద్దరికీ చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది. అమ్మాయి పరుగెత్తుకుంటూ వెళ్ళాక, కాలమ్మ గొట్టం కడిగి, మూతలు బిగించి, పేజీ కింద సంతకం చేసి, దీపాలు ఆర్పి ఇంటికి నడిచింది.